అత్తగారి గాలానికి రింగులు

కోడలు గాలం కర్రలు కడుతుంది. బజారు చివర, సైకిళ్ళ షాపు పక్కన ఆమె షెడ్డు. నున్నటి ఉత్త కర్ర తెప్పించి, పిడి తొడిగి, రీలు బిగించి, పొడవునా గైడు రింగులు కట్టడం ఆమె పని. రీలులోంచి బయల్దేరిన దారం ఆ రింగుల్లోంచి దూరుకుంటూ కొస దాకా వెళ్ళాలి. వినడానికి ఇంతే. కానీ ఏ రింగు ఎంత ఉండాలి, ఎక్కడ ఉండాలి అన్నదాంట్లోనే ఉంది కిటుకంతా. రింగులు తక్కువైతే కర్ర వంగినప్పుడు దారం అడ్డదారి పట్టి కర్రకు రాసుకుంటుంది. ఎక్కువైతే ఆ బరువుకి కొస మొద్దుబారుతుంది. ఇదేమీ తెలియనివాళ్ళు "రింగులేగా" అంటారు. అలా అన్నవాళ్ళని ఆమె మర్నాడు రమ్మంటుంది. మర్నాడు షెడ్డు మూసి ఉంటుంది.

అత్తగారు ఒకప్పుడు టైలరు. సూదిలోకి దారం చూడకుండా ఎక్కించేది, అదే సమయంలో ఎవరో ఒకరిని తిడుతూ. మిషను అమ్మేశాక ఆవిడకి చేపల పిచ్చి పట్టుకుంది. పొద్దున్నే ఒక్కతే చెరువుకి వెళ్ళి, ఎండ ఎక్కే వేళకి ఒకటో రెండో చేపలతో తిరిగొచ్చేది. ఆ ఒక్కతే వెళ్ళడంలోనే ఆవిడ సుఖమంతా ఉంది. కొడుక్కేమో అదే భయం. ఒకసారి గట్టు మీద జారి మోకాలు చీరుకుపోయినప్పుడు, "ఇంకొక్కసారి ఏదైనా అయిందా, చెరువు బంద్ అమ్మా" అని తేల్చి చెప్పేశాడు. ఆవిడ నోరెత్తలేదు. ఆవిడ నోరెత్తలేదంటే ఎంత భయపడిందో ఇంటిల్లిపాదికీ తెలిసిపోయింది.

కోడలి పనిని ఆవిడ ఏనాడూ మెచ్చుకోలేదు. కూర కుదిరితే వంకాయలు లేతవి అంటుంది. ఇల్లు అద్దంలా ఉంటే ఇవాళ గాలి లేదు, దుమ్ము రాలేదు అంటుంది. "బాగుంది" అన్న ఒక్క మాట ఆ నోట వినాలని కోడలు ఎప్పుడో కాపరానికి వచ్చిన కొత్తల్లో పట్టుపట్టింది. ఇంకా వదల్లేదు.

ఇలా ఉండగా అత్తగారి పాత గాలం కర్ర కారు తలుపులో పడి విరిగింది. తలుపు వేసింది కొడుకు. తిట్లు తిన్నది కోడలు, అలా తలుపులు వేసేవాడికి ఇన్నాళ్ళూ బుద్ధి చెప్పనందుకు.

కోడలు ఇదే అదను అనుకుంది. ఉన్నవాటిలో అతి తేలిక కర్ర తీసింది. రీలు దగ్గర మాత్రం కాస్త పెద్ద రింగు పెట్టి, అక్కణ్ణుంచి వరసగా తగ్గిస్తూ, కొసకొచ్చేసరికి మినపగింజంత రింగులు ఎంచింది. చిన్న రింగైతే కొస తేలిగ్గా ఉంటుంది, చేప మూతి ఆనిస్తే చాలు చేతికి తెలుస్తుంది. వాటిని ముందు టేపుతో అంటించి, కొసకి ఇసుక సంచి వేలాడదీసి కర్రని వంచి చూసింది. దారం వంపు వెంటే పోయేదాకా ఒక రింగుని ఇటు, ఒక రింగుని అటు జరిపింది. అప్పుడు సన్నటి పట్టుదారంతో చుట్లు వేసి, మీద జిగురు పూత పూసి, కారకుండా ఆరేదాకా మోటారు మీద తిప్పింది. అంత ముచ్చటైన కర్ర ఆమె అంతకుముందు కట్టలేదు.

అత్తగారు దాన్ని అందుకుని పిడి నుంచి కొస దాకా వేళ్ళతో తడిమింది. చాలాసేపు తడిమింది.

"మూడో రింగు దగ్గర ఒక చుట్టు వదులైంది," అంది అత్తగారు.

కోడలు భూతద్దం పెట్టి చూసింది. వదులైంది.

ఆ మర్నాటి నుంచి అత్తగారు ఉత్త చేతులతో తిరిగి రావడం మొదలుపెట్టింది. ఒకరోజు గాలి ఎదురు కొట్టిందంది. ఇంకోరోజు నీళ్ళు బురదగా ఉన్నాయంది. మరోరోజు చేపలకి ఆకలి లేదంది. కొడుకు కంచం ముందు కూర్చుని, "కొత్త కర్ర అచ్చిరాలేదేమో" అన్నాడు. కోడలికి ఒళ్ళు మండింది. మంట చల్లారాక అనుమానం పట్టుకుంది, రింగుల ఎడం తనే ఎక్కడో తప్పిందేమోనని. ఆ అనుమానంతో ఒక పొద్దున షెడ్డు తెరవకుండా చెరువు దారి పట్టి, గట్టు మీది తుప్పల వెనక నిలబడింది.

అత్తగారు గాలం విసిరింది. దారానికి బరువుగా కట్టిన సీసపు గుండు వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గరే పడింది. మళ్ళీ విసిరింది. మళ్ళీ అక్కడే. దారిన పోతున్న ఒకాయన ఆగి, "ఏంటమ్మా, ఒడ్డునే వేస్తున్నారు?" అన్నాడు.

"పెద్ద చేపలు ఒడ్డునే ఉంటాయి. తెలియకపోతే అడగాలి," అంది అత్తగారు.

అడిగినవాడే ఆయన. తన దారిన వెళ్ళిపోయాడు.

అప్పుడు కోడలి కళ్ళు దారం మీద పడ్డాయి. అది మొదటి పెద్ద రింగులోంచి వచ్చి, తరవాతి రెంటినీ వదిలేసి, ఒకదాంట్లో దూరి, ఆపైన కర్ర చుట్టూ తిరిగి ఊరికే వేలాడుతోంది. అత్తగారు కర్రని ఒళ్ళో పెట్టుకుని, గుండు విప్పి, దారం లాగేసి మళ్ళీ ఎక్కించబోయింది. దారపు కొన రింగుకి ఈ పక్క నుంచి ఒకసారి, ఆ పక్క నుంచి ఒకసారి పోయింది. తిడుతూ తిడుతూ సూదిలోకి దారం ఎక్కించిన మనిషి, ఇప్పుడు ఎవర్నీ తిట్టకుండా, పెదాలు బిగించి, గాల్లో దారం గుచ్చుతోంది. కోడలికి ఏడుపొచ్చింది. ఎదురుగా వెళ్ళి సాయం చేస్తే ఆవిడ చచ్చినా క్షమించదు. మొగుడి చెవిన వేస్తే సాయంత్రానికల్లా చెరువు బంద్. చప్పుడు చెయ్యకుండా వెనక్కి తిరిగింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర, "అత్తయ్యా, ఆ కర్ర ఓసారి ఇవ్వండి. రింగులు తప్పుగా పెట్టాను," అంది.

మొగుడు ముద్ద కిందపెట్టేశాడు. "నువ్వా? రింగులు తప్పుగా పెట్టావా?"

"పెట్టాను. మీరు తినండి."

ఇలాంటి మాట కోసమే అత్తగారు ఏళ్ళ తరబడి కాచుకుని ఉందని కోడలికి తెలుసు. వడ్డీతో సహా వడ్డించేస్తుందని తల వంచుకుని కూర్చుంది. అత్తగారు మంచినీళ్ళు తాగింది. గ్లాసు కింద పెట్టింది.

"పోనీలే, మనిషన్నాక పొరపాటు చేస్తుంది," అంది.

కొడుకు లేచి ఆవిడ నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు.

మర్నాడు షెడ్డులో కోడలు తను వేసిన చుట్లన్నీ తనే బ్లేడుతో కోసింది. మూడో రింగు దగ్గర మాత్రం చెయ్యి హుషారుగా ఆడింది. పాత డబ్బాలో అడుగున పడున్న పెద్ద రింగులు తీసింది, వేలి కొన పట్టేంతవి. అన్ని పెద్దవి పెడితే కొస బరువెక్కింది. రెండు తగ్గిస్తే, ఇసుక సంచి కట్టగానే దారం కర్రకి రాసుకుంది. ఎడాలు మళ్ళీ మొదటి నుంచీ చూసుకోవలసి వచ్చింది. ఆ తరవాత కళ్ళు గట్టిగా మూసుకుని దారం ఎక్కించబోయింది. రెండో రింగు ఎక్కడుందో తెలియక దారం జారిపోయింది. ఇదీ సంగతి అనుకుని, ప్రతి రింగుకీ ఒక వేలెడు ముందు దళసరి దారంతో చిన్న గట్టు కట్టింది. బొటనవేలు కర్ర వెంట పాకుతూ గట్టు తగిలితే రింగు వచ్చినట్టు. కొస దగ్గర జంట గట్లు. కళ్ళు మూసుకుని తప్పకుండా ఎక్కించగలిగేదాకా కర్ర వదల్లేదు. చివరికది చూడ్డానికి చిన్నపిల్లకి అమ్మమ్మ గాజులు తొడిగినట్టుంది. మామూలు రోజుల్లో అలాంటిది తన షెడ్డులోంచి బయటికి వెళ్తే ఆమె తలెత్తుకోలేదు.

కర్ర ఇచ్చిన రోజు అత్తగారు వంక పెట్టకుండా అందుకుంది. తెల్లవారాక గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, "నువ్వూ రా," అంది. చెరువుకి ఆవిడ ఎవర్నీ రమ్మన్నది లేదు.

గట్టు మీద కూర్చుని, ఆవిడ నీళ్ళవైపు చూస్తూ దారం అందుకుంది. బొటనవేలు పాకింది, ఆగింది, దారం దూరింది. మళ్ళీ పాకింది. ఒక్క రింగూ తప్పలేదు. గుండు కట్టి విసిరితే చెరువు మధ్యకెళ్ళి పడింది.

"ఎదురుగా ఉన్నది చెరిగిపోతుంది. పక్కలన్నీ కనబడతాయి," అంది ఆవిడ. "కావాలని చూసింది తప్ప అక్కర్లేనివన్నీ కనబడతాయి. బస్సెక్కి నేనే పోయి డాక్టరుకి చూపించుకున్నా. అద్దాలతో పోయేది కాదంట. నడకకి ఢోకా లేదు."

"ఎప్పట్నుంచి అత్తయ్యా?"

"తుప్పల వెనక నువ్వు నిలబడ్డం కూడా పక్క నుంచే కనబడింది."

కోడలు చటుక్కున నీళ్ళవైపు తిరిగింది.

"ఆ మొదటిది బాగుంది," అంది అత్తగారు. "మూడో రింగు తప్ప. అంత మంచి పని కోసి పారేసి, వాడి ముందు తప్పు నెత్తినేసుకున్నావు."

కోడలు కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అది కూడా పక్క నుంచి కనబడే ఉంటుంది.

"వాడికి చెప్పకు."

"కళ్ళ సంగతా? బాగుందన్న సంగతా?"

అత్తగారు రీలు నెమ్మదిగా ఒక చుట్టు తిప్పి ఆలోచించింది.

"రెండూ."