బాయిలర్ కింద బకెట్

పొద్దున లేవగానే షెర్మిన్ టీకి నీళ్లు పెట్టడం మానేసి, వంటింటి బాల్కనీలో, గదులకు వేడినీళ్లు పంపే బాయిలర్ ముఖం చూడటం మొదలుపెట్టింది. ఆ రోజూ ప్రెషర్ సూది సున్నా దగ్గరే పడి ఉంది. రాత్రి తనే బాయిలర్ కుళాయి తిప్పి, సూది ఒకటిన్నర మీదికి వచ్చేదాకా నీళ్లెక్కించి పడుకుంది. గదుల్లో రేడియేటర్లు చల్లగా బిగుసుకున్నాయి. బయట ఎర్జురుమ్ ఊరంతా మంచు మోకాలి లోతు.

ఇంట్లో ఉండేది ముగ్గురు. భర్త రిఫ్కికి ఆ కుళాయి ఎటు తిరుగుతుందో కూడా తెలియదు. మిగిలింది అత్తగారు ముయెస్సెర్. బొగ్గుపొయ్యి తప్ప మరో వేడిని నమ్మని మనిషి. అందరికంటే ముందు లేచి బాల్కనీలోకి వెళ్లి, తలుపు దగ్గరగా వేసుకుంటుంది.

"అత్తయ్యా, ఆ కుళాయి తిప్పి నీళ్లేమైనా వదిలేశారా?"

"నీ కుళాయితో నాకేం పనమ్మా? దాని బుసలు వింటేనే నాకు దడ."

"మరి నీళ్లెటు పోతున్నట్టు?"

"ఇల్లు నీది. నన్నడుగుతావేం?"

ఆ జవాబులోని వంకర షెర్మిన్‌కి నచ్చలేదు. రాత్రిపూట సూది మూడు దాకా ఎగబాకుతుంది, తెల్లారేసరికి సున్నా. కుళాయి పిడికి దారం కట్టి చూసింది. దారం అలాగే ఉంది, సూది పడిపోయింది. ముసలావిడ దారం విప్పి, మళ్లీ ముడి వేసి ఉంటుందనుకుంది.

చివరికి మొగుడితో అనేసింది. "ఈ చలికాలం మీ అమ్మ సివాస్‌లో మీ అక్క దగ్గరుంటే నయం."

ఆ మాట విన్న ముయెస్సెర్ పెట్టె సర్దుకుంది. రెండు గదుల్లో ఆరుగురున్న కూతురింట్లో, అల్లుడి కనుసన్నల్లో బతకాలి. అక్కడికి అలిగి వెళ్లిన మనిషి ఇక ఈ గడప తొక్కదని షెర్మిన్‌కీ తెలుసు.

సాయంత్రం బస్సు. అక్కడి ఆనవాయితీ ప్రకారం వెళ్లేవాళ్ల వెనక నీళ్లు పోయాలి, నీళ్లలా పోయి నీళ్లలా తిరిగి రావాలని. ఎంత కోపమున్నా అది మానకూడదు. షెర్మిన్ చెంబు కోసం బాల్కనీలోకి వెళ్లింది. మధ్యాహ్నం నేల తుడిచి, ఖాళీ చేసి బాయిలర్ కింద తోసిన బకెట్‌లో నీళ్లున్నాయి. వేలు ముంచింది. గోరువెచ్చగా, కాటుక కలిపినట్టు నల్లగా ఉన్నాయి. రేడియేటర్ల కడుపులోని నీళ్లే అవి.

తలెత్తి చూసింది. సూది మూడు మీద ఉంది. అడుగునున్న గొట్టంలోంచి చుక్క తరవాత చుక్క పడుతోంది. పై ఇంటివాళ్ల బాయిలర్‌కి లోపలి గాలిడబ్బా పాడైనప్పుడు ఇదే జరిగింది. వేడికి ఉబ్బిన నీళ్లకు లోపల చోటు చాలక బయటికి కారిపోతాయి, చల్లారాక సూది పడిపోతుంది. దానికి ఎవరి చెయ్యీ అక్కర్లేదు.

గుమ్మంలో ముయెస్సెర్ బూట్లు తొడుక్కుని నిలబడింది. "నీళ్లు పొయ్యవా? తిరిగి రాకూడదనా?"

షెర్మిన్ బకెట్ తెచ్చి ఆమె ముందు పెట్టింది.

"ఇది రోజూ నేను పారబోసేదేగా," అంది ముయెస్సెర్. "నేల తుడిచిన నీళ్లు పారబొయ్యడానిక్కూడా బద్ధకమా నీకు అనుకునేదాన్ని. నీ బద్ధకం రిఫ్కి చెవిన పడకూడదని తలుపేసుకుని పారబోశాను."

"రోజూనా? ఒక్క మాట అనొచ్చుగా అత్తయ్యా."

"నువ్వు దారం కట్టినప్పుడు నాతో అన్నావా?"

షెర్మిన్ తల దించుకుంది. "తప్పు నాదే. వెళ్లకండి."

రిఫ్కి పెట్టె పట్టుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ముయెస్సెర్ ఒక బూటు విప్పింది. రెండోదాని మీద చెయ్యి వేసి ఆగింది.

"ముందు ఆ గొట్టం కారడం చూపించు," అంది. "ఈ నీళ్లు నువ్వే పోసి తెచ్చావేమో, ఎవరికి తెలుసు."