ఐజన్

నిజాం కాలపు ఉర్దూ రిజిస్టర్లలో 'ఐజన్' అని ఒక మాట ఉండేది. పైన రాసిందే మళ్లీ అని దాని అర్థం. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యాక గద్వాల ఊరి బయట పెట్టిన వైర్‌లెస్ ఠాణాలో, వెంకట్రాములుకు ముందు పనిచేసినాయన పేజీలకు పేజీలు ఆ ఒక్క మాటతో నింపి వెళ్లిపోయాడు. వెంకట్రాములుకు ఆ మాటంటే ఒళ్లుమంట.

రోజూ పొద్దున ఏడింటికి మీట నొక్కాలి. రెండు స్తంభాల మధ్య కట్టిన ఏరియల్ తీగలోకి కరెంటు ఎంత పోతున్నదో ముల్లు చూపిస్తుంది. ఆ అంకె రిజిస్టరులో వేయాలి. అతను వచ్చిన రెండేళ్లలో ఒక్క గడిలోనూ అంకె తప్ప మరొకటి లేదు. నిన్నటిదే ఇవాళా వస్తే మళ్లీ ఆ అంకెనే పూర్తిగా వేసేవాడు.

ఉగాది వెళ్లిన పదో రోజున ముల్లు అరగీత కిందికి దిగింది.

"అరగీతకు గింత పరేషానా సారూ?" అన్నాడు చప్రాసీ కురుమయ్య, తలగుడ్డతో మెడ తుడుచుకుంటూ. "మా ముసల్ది అలిగి పుట్టింటికి పోయిన్నాడు గూడ నేను గిట్ల తిరగలే."

"ఇయ్యాల అరగీతనే. చూడకుంటే నెల దినాలకు మన మాట పట్నం దాక పోదు."

తీగ దించి తుడిచాడు. అతుకులు గీకాడు. మూడో రోజున గానీ సంగతి తెలియలేదు. తీగ బాగానే ఉంది. ఎర్తు కోసం కింద భూమిలో పాతిన రాగిరేకు చుట్టూ మన్నే ఎండకు బీటలు వారింది. నాలుగు కుండలు నీళ్లు పోయిస్తే ముల్లు మెల్లగా లేచి తన చోట నిలబడింది. అప్పటినుంచి పొద్దుటిపూట రెండు, సాయంత్రం రెండు కుండలు పోయించి, మన్ను తడిసిందో లేదో వేలితో గుచ్చి చూసేవాడు.

ఇంట్లో రుక్కమ్మకు మాఘమాసం నుంచి దగ్గు. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. పొద్దున చెప్పులు తొడుక్కుంటూ భార్యను అడిగేవాడు: "ఎట్లున్నవ్?"

"నిన్నటి తీర్గనే ఉన్న. నువ్వు పో, పొద్దెక్కుతుంది."

నిన్నటిలాగే అంటే నయమే అనుకుని వెళ్లేవాడు.

కర్నూలు దవాఖానకు తీసుకెళ్దామని సెలవు పెట్టాడు. మంజూరైంది. ఇంతలో, వచ్చే గురువారం హైదరాబాదు పట్నం నుంచి ఇన్‌స్పెక్టరు తనిఖీకి వస్తున్నాడని కబురొచ్చింది.

"ఎనిమిది దినాలు ఆగుదామా రుక్కమ్మా?" అన్నాడు గడపలో నిలబడి.

ఆమె బియ్యం చెరగడం ఆపింది. చాట ఒళ్లో పెట్టుకుని అతని ముఖం చూసింది. "ఆగుదాం తీయ్. నేను గట్లనే ఉన్న గద."

గురువారం ఇన్‌స్పెక్టరు రిజిస్టరు మొదటినుంచి చివరిదాకా తిప్పాడు. "ఒక్క ఐజన్ గూడ లేదేందయ్యా!"

"నాకు ఆ మాట పడదు సాబ్."

"అరగీత పట్టినవ్. శభాష్."

తలుపు దగ్గర కురుమయ్య మీసం మీద చెయ్యి వేశాడు, నీళ్లు మోసింది తానేనన్నట్టు. ఆ సాయంత్రం వెంకట్రాములు ఇంటికి దాదాపు పరుగెత్తుకుంటూ వెళ్లాడు. రుక్కమ్మ అంతా విని, "మంచిగైంది" అంటూ నవ్వింది. నవ్వు మధ్యలో దగ్గొచ్చింది.

మర్నాడు రైలెక్కారు. కిటికీ పక్కన కూచున్న ఆమె కొంగు సర్దుకోబోతుంటే చేతి వెండి కడియం జారి అతని కాళ్ల దగ్గర పడింది. తీసి చూశాడు. లోపలివైపంతా దారం చుట్టి ఉంది.

"ఇదేంది?"

"వదులైతుంటే చుట్టిన. నాగేంద్రమ్మ మగ్గం కాడి తునకలు."

పక్కింటి నాగేంద్రమ్మది చీరల మగ్గం. అతను దారాన్ని గోటితో విప్పి చూశాడు. అడుగున తెల్ల నూలు, దాని మీద ఎర్ర పట్టు, ఆ పైన పచ్చది, పసుపుది, మళ్లీ ఎర్రది. ఇలా మొత్తం ఏడు వరసలు. ఒకదాని మీద ఒకటి, చెయ్యి సన్నబడ్డప్పుడల్లా. ఒక్కచోట కూడా ఐజన్ లేదు.

"నాకు చెప్పకపోతివి?"

"నీకు ఆ ముల్లు పరేషానే చాలదా?" అంది నవ్వుతూ. కడియం తీసుకుని మోచేతి దాకా ఎక్కించుకుంది. అక్కడైతే నిలిచింది.

కర్నూలులో డాక్టరు, బరువు ఎప్పటినుంచి తగ్గుతోందని అడిగాడు. రెండేళ్లలో ఏ రోజు అంకె అయినా నోటితో చెప్పగల మనిషి రుక్కమ్మ మోచేతి కడియం వైపు చూశాడు. పదకొండో రోజున రుక్కమ్మ పోయింది. "ఎనిమిది రోజులు ముందొచ్చినా దక్కేది కాదయ్యా" అని డాక్టరు భుజం మీద చెయ్యి వేశాడు. దయగల మనిషి. కానీ వెంకట్రాములు లెక్కపెట్టింది ఎనిమిది రోజులను కాదు, ఏడు వరసలను.

కర్మలయ్యాక ఠాణాకు వెళ్లబోయే మొదటి పొద్దున, నాగేంద్రమ్మ నీళ్ల కుండతో వాకిట్లోకి వచ్చింది.

"నీకెందుకమ్మా శ్రమ?"

"శ్రమేంది అన్నా, అలవాటైంది. మీరు కర్నూలు పోయేదాక నెలన్నర వదినెకు నేనే తెచ్చిచ్చిన. బిందె ఎత్తనీకి చేతకాకపోతుండె. నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నది."

నెలన్నర. అక్కడ ఠాణాలో రాగిరేకుకు పూటకు రెండు కుండలు దగ్గరుండి పోయించిన రోజులే అవి. ఇక్కడ రుక్కమ్మ చేత బిందె ఎత్తనివ్వకుండా చూసింది పక్కింటి మనిషి. ఆ మాత్రం జరిగినందుకు నాగేంద్రమ్మకు చేతులెత్తి మొక్కాలనిపించింది.

"ఎట్లున్నవన్నా?" అంది ఆమె, కుండ దించుతూ.

'నిన్నటి తీర్గనే' అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. చెప్పులో పెట్టబోయిన కాలు వెనక్కి తీసుకున్నాడు.

"మంచిగ లేను చెల్లె" అన్నాడు. "మొన్నటికంటె నిన్న, నిన్నటికంటె ఇయ్యాల."

నాగేంద్రమ్మ మగ్గం వైపు ఒకసారి చూసింది. తర్వాత కొంగుతో గడప దులిపి కూచుంది. "చెప్పన్నా" అంది.

ఏడు దాటింది. రిజిస్టరులో ఆ రోజు గడి ఖాళీగా ఉండిపోయింది.