ఎడమ ట్యూబు, కుడి చెంప

అమ్మ పోయిన రోజు సాయంత్రం, అంతా అయిపోయి ఇంటికి వచ్చి ముఖం కడుక్కుంటుంటే భర్త తలుపు దగ్గర నిలబడి గుర్తు చేశాడు.

"క్రీము మరిచిపోకు. పూట తప్పితే ఆస్పత్రి వాళ్ళు పరీక్షలోంచి తీసేస్తారట."

మెల్లగానే అన్నాడు. ఆయన ఏదీ గట్టిగా అనడు. ఆమెకు చిక్కల్లా అదే. గట్టిగా అంటే ఎదురు చెప్పడానికి ఒక మాటైనా దొరికేది.

ఆమె అద్దం ముందు నిలబడి ఎడమ అని రాసి ఉన్న ట్యూబు మూత తీసింది. తన ముఖానికి తాను క్రీము రాసుకోవడం అదే మొదటిసారి.

క్రీము మంగు మచ్చలకు. కూతురు కడుపులో ఉన్నప్పుడు వచ్చిన మంగు అది. కూతురు పెరిగి హాస్టలుకు వెళ్ళినా అది మాత్రం చెంపల మీదే కాపురం ఉండిపోయింది. ఆమె చిన్నపిల్లల బడిలో టీచరు. బడి వాళ్ళు గోడకు పెట్టే ఫొటో తీసేటప్పుడు హెడ్మిస్ట్రెస్, "మీరు వెనక వరసలో నిలబడండి, మీ ముఖం మీద వెలుగు సరిగ్గా పడటం లేదు" అంది. ముందు వరసలో ఉన్నవాళ్ళందరి మీదా పడుతున్నది ఆ వెలుగే. ఇంట్లో అత్తగారు, "పెళ్ళిచూపుల్లో ఇవి లేవు సుమా" అని నవ్వేది. మోసపోయిన మనిషి నవ్వులా ఉండేది అది.

చర్మవ్యాధుల ఆస్పత్రిలో మంగుకు కొత్త మందు పరీక్షిస్తున్నారని తెలుసుకుని వచ్చింది భర్తే. పైసా ఖర్చు లేదు. ఒక చెంపకు మందు, ఇంకో చెంపకు వట్టి క్రీము. ఏ ట్యూబులో ఏది ఉందో పరీక్ష ముగిసేదాకా డాక్టరుకు కూడా తెలియదు. వెళ్ళినప్పుడల్లా జుట్టు వెనక్కి బిగించి, గడ్డం ఒక పీట మీద ఆనించి, కళ్ళు మూయించి ఫొటో తీస్తారు. చివరిదాకా నిలిచినవాళ్ళకు రెండు చెంపలకూ అసలు మందు ఇస్తారు. డాక్టరమ్మ మొదటి రోజే ఎన్నో అడిగింది. ఎండలో తిరుగుతారా, నిద్ర పడుతుందా, పొయ్యి సెగ తగులుతుందా? చేతులు ఎప్పుడు ఖాళీగా ఉంటాయని మాత్రం అడగలేదు. "మీ చేత్తో మీరే రాసుకోవాలి" అంది, అదొక పెద్ద సంగతి కానట్టు.

రెండు పూటలా క్రీము వేళకు ఆమె చేతులు పిండిలోనో, సబ్బు నీళ్ళలోనో ఉండేవి. పక్క వీధిలో ఒక గదిలో ఉండే అమ్మ చుట్టపుచూపుగా వచ్చినట్టు వచ్చి, వస్తూనే కొంగు దోపుకునేది. కూరలు తరిగేది, బట్టలు మడిచేది, కూతురిని సింకు దగ్గర ఉన్నదాన్ని ఉన్నట్టే తనవైపు తిప్పుకుని ముఖం పట్టుకునేది.

"కళ్ళు మూసుకోవే. లోపలికి పోతే మంట."

"త్వరగా కానీ అమ్మా, అన్నం మాడుతుంది."

"మాడనీ. ఒకరోజు మాడన్నం తింటే కొంప మునగదు."

అమ్మ వేలు చెంప మీద గుండ్రంగా తిరిగేది. రోజు మొత్తంలో మెలకువగా ఉండి ఆమె కళ్ళు మూసుకునేది అప్పుడే.

కొన్ని నెలలకు కుడి చెంప మీద మంగు పలచబడింది. "ఇటు పున్నమి, అటు అమావాస్య" అని భర్త భోజనాల దగ్గర చమత్కరించాడు. అమ్మ వడ్డిస్తూ, "అమావాస్యను కూడా పెళ్ళాడింది నువ్వే కదయ్యా" అంది. అత్తగారు కూడా నవ్వేసింది.

ఆ అమ్మ ఒక పొద్దున రాలేదు. ఆలస్యమైందని విసుక్కుంటూ ఆమె ఒక్కతే వంట ముగించుకుని, వెళ్ళి గది తలుపు తోసింది. పలకరించడానికి వచ్చినవాళ్ళతో భర్త, "ఆవిడ ఉన్నన్నాళ్ళు మా ఇంట్లో పని ఎట్లా అయిపోయేదో తెలిసేదే కాదు" అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు.

తర్వాత ఆస్పత్రికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ పాత ఫొటోలూ కొత్త ఫొటోలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది.

"ఇన్నాళ్ళూ కుడివైపు తగ్గింది. ఇప్పుడది మళ్ళీ ముదురుతోంది, ఎడమవైపు పలచబడుతోంది. ట్యూబులు తారుమారు చేశారా?"

"లేదండీ. చూసే రాసుకుంటున్నాను."

"పిల్లలకు చదువు చెప్పేవారు. మీరే ఇలా చేస్తే ఎలా?"

ఆమె నిజమే చెప్పింది. ఆ నిజం చెల్లలేదు. దారి పొడుగునా ఆ మాట కాలిలో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

మర్నాడు బడిలో చిన్న తరగతి పిల్లల చేత కసరత్తు చేయిస్తోంది. "కుడి చెయ్యి పైకి" అంటూ అలవాటు కొద్దీ తన ఎడమ చెయ్యి ఎత్తింది. పిల్లలకు ఎదురుగా నిలబడి చెప్పే టీచర్లందరూ అలాగే చేస్తారు. తన కుడి చెయ్యి ఎత్తితే పిల్లలు అద్దంలో చూసినట్టు ఎడమ చేతులు ఎత్తేస్తారు. ఏళ్ళ తరబడి చేస్తున్న పని. ఎత్తిన చెయ్యి అలాగే గాల్లో ఆగిపోయింది.

అమ్మ ఎదురుగా నిలబడి రాసేది. ఎడమ అని చదువుకుని, తన ఎడమవైపుకు వచ్చిన చెంపకు రాసేది. అది కూతురి కుడి చెంప.

"టీచర్, చెయ్యి దించమంటారా?" అని పిల్లలు అడుగుతున్నారు.

ఆ సాయంత్రం ఇంట్లో చెప్పింది. భర్త కాసేపు లెక్క వేసుకున్నట్టు చూసి, "అయితే ఏమైంది? ఇప్పుడు సరిగ్గానే రాసుకుంటున్నావుగా. నోరు మూసుకుని ఉంటే చివర్లో రెండు చెంపలకూ ఇస్తారు" అన్నాడు.

"మందు పనిచేయలేదని రాసుకుంటారు వాళ్ళు. నాలాంటివాళ్ళు ఎంతమంది దానికోసం చూస్తున్నారో."

"ఊళ్ళో వాళ్ళ మంగు నీకెందుకు? పోయినావిడ చేసిన తప్పు బయటపెట్టి ఏం బావుకుంటావు?"

అత్తగారు టీవీ మీంచి చూపు తిప్పకుండా, "పాపం పెద్దావిడ. పోయాక కూడా మాట పడాలా" అంది.

ఆమెను ఆపింది ఆ మాటే. అమ్మ ఆఖరిదాకా చేసిన పనికి తప్పు అని పేరు పెట్టించడం ఆమెకు చేతకాలేదు. కొన్నాళ్ళు నోరు మెదపలేదు. రోజూ అద్దంలో కుడి చెంప చూసుకునేది. అమ్మ వేలు తిరిగిన చోట మంగు మళ్ళీ కమ్ముకొస్తోంది. ఈ ముఖం చూసి పెదవి విరిచినవాళ్ళున్నారు, వెనక వరసలోకి పంపినవాళ్ళున్నారు, జోకులు వేసినవాళ్ళున్నారు. సింకు దగ్గర నుంచి తిప్పుకుని, ఎదురుగా నిలబడి, రెండు చేతుల్లోకి తీసుకున్నది ఒక్కరే. ఎడమ కుడి అయింది అలా నిలబడినందుకే. మిగిలినవాళ్ళు ఎప్పుడూ ఆమె వీపు వెనక నుంచే మాట్లాడారు, ఇది ఎక్కడుంది, అది అయిందా అని. వీపు వెనక ఉన్నవాళ్ళ కుడి ఎడమలు ఎన్నడూ మారవు.

పిలుపు రాకుండానే ఆస్పత్రికి వెళ్ళింది.

"క్రీము మా అమ్మ రాసేదండీ. ఎదురుగా నిలబడి రాసేది. అందుకని వైపులు మారాయి. అమ్మ పోయాక నేను రాసుకుంటున్నాను."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసింది. "మీరే రాసుకోవాలని చెప్పాం కదమ్మా. రెండు నిమిషాల పని."

"అవునండీ. ఆ రెండు నిమిషాలూ మా అమ్మ ఇచ్చింది. ఇంట్లో ఇంకెవరి దగ్గరా లేవు."

డాక్టరమ్మ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. తర్వాత నియమం నియమమేననీ, పరీక్షలో ఇక కొనసాగించడం కుదరదనీ చెప్పింది. చెప్పి మంచి పని చేశారంది. రెండు ట్యూబులూ వెనక్కి తీసుకుంది.

ఇంటికి వచ్చేసరికి భర్త వరండాలో ఉన్నాడు. ముఖం చూడగానే అర్థమైంది ఆయనకు.

"చెప్పేశావా? ఇంక ఆ ముఖం ఇంతేనా?"

"ఇంతే."

"సరే, నీ ఇష్టం. వంట కానివ్వు, అమ్మకు ఆకలేస్తోందట."

ఆమె లోపలికి వెళ్ళింది. వంటింట్లో దీపం వేయలేదు. అమ్మ కూరలు తరిగేటప్పుడు కూర్చునే ఎత్తుపీట గోడ వారగా ఉంది. దాన్ని కిటికీ దగ్గరకు లాక్కుని కూర్చుని కళ్ళు మూసుకుంది. బయటి నుంచి ఆయన ఒకసారి పిలిచాడు. కాసేపటికి అత్తగారు పిలిచింది. ఆమె కళ్ళు తెరవలేదు.

పొద్దుటి గిన్నెలు సింకులో అలాగే ఉన్నాయి. ఇంకా ఎవరూ తోమలేదు.