పదకొండో గది

అవును అని నొక్కిన వేలు నాదే, ఇంకెవరిదీ కాదు, ఈ ఫ్లాపీ ఫార్మాట్ అయి లేదు, ఇప్పుడు చేయమంటావా అని కంప్యూటర్ అడిగితే, ఎవరో టీ తాగుతావా అన్నట్టు అవును అనేశాను, నాలుగేళ్ళు బీటెక్ చదివి, ఫార్మాట్ అంటే ఉన్నదంతా పోవడమని తెలిసి కూడా, అదృష్టం కొద్దీ రాయడానికి వీల్లేదని అదే మొరాయించింది, పొద్దున డ్రైవుని తిట్టాను, ఇప్పుడు ఫ్యాన్ తిరగడం లేదు, సమ్మె మొదలయ్యాక మెదక్‌లో మధ్యాహ్నం కరెంటు ఉంటే అదే వార్త, యూపీఎస్ ఇంకో ఇరవై నిమిషాలంటోంది, దాని ఇరవై ఎప్పుడూ పన్నెండే, రేపు పొద్దున ఈ ఫ్లాపీ పంపిన మోషే అంకుల్‌ని ఆపరేషన్‌కి పట్నం తీసుకెళ్తారు, బస్సుల్లేవు కాబట్టి చేగుంటలో ఎవరిదో జీపు మాట్లాడారట, అంటే ఆయన గురించి అమ్మకి నిజం చెప్పాలంటే ఈ సాయంత్రంలోపే, ఆ నిజమేంటో నాకింకా తెలియదు.

ఆదివారం చర్చి మెట్ల దగ్గర ఆయన భార్య సువార్తమ్మ ఆంటీ ఈ ఫ్లాపీ పట్టుకుని అమ్మకి అడ్డంగా నిలబడింది, రాజమణీ, నువ్ జెప్పిన మాటలు దీంట్లనే ఉన్నయంట, జర తెరిచి సూడమన్నడు అంది, అమ్మ చేయి చాపలేదు, నేను చాపాను, ఇంటికొచ్చి అమ్మ చెప్పులు విడుస్తూ, ఏముంటదే పెర్సీ అండ్ల, నా కండ్ల ముంగట్నే తుడ్సిండు గదా అంది, అంతే, పందొమ్మిదేళ్ళ కోపం అమ్మకి ఒక్క వాక్యంలో సరిపోతుంది, ఒకే చర్చిలో ఆయన ఈ తలుపున వస్తే అమ్మ ఆ తలుపున పోతుంది, దేవుడు మధ్యలో ఎటు చూస్తాడో.

తొంభై రెండు, నాకు మూడేళ్ళు, అమ్మ నర్సుగా చేసిన ఆ నర్సింగ్ హోం ఇప్పుడు ఫంక్షన్ హాల్, అమ్మ సెలైన్లు ఎక్కించిన చోట బగారా అన్నం వడ్డిస్తున్నారు, రేగోడ్ నుంచి సిద్దమ్మ అనే ఆమె వచ్చి పానం గుంజుతుంది సారూ అంటే, ప్రాణం లాగేస్తోందన్న ఆ మాట వేరే జిల్లా నుంచొచ్చిన డాక్టరుకి అర్థం కాక బలం గోలీలు రాసి పంపాడట, ఆమె మళ్ళీ రాలేదు, చనిపోయిందని ఆమె కొడుకు వచ్చి చెప్పి వెళ్ళాడు, అప్పుడు అమ్మ ఊళ్ళ నుంచొచ్చే ఆడవాళ్ళు నొప్పికి వాడే మాటలన్నీ ఏరింది, ఆఫీసులో టైపిస్టు మోషే అంకుల్ విదేశీ దాతలిచ్చిన కంప్యూటర్‌లో ఇంగ్లీషు అక్షరాలతో వాటిని కొట్టాడు, జాబితాలో సిద్దమ్మ పేరు చూసిన డాక్టరు, ఇది నా మీద ఫిర్యాదా అని, ఇద్దరినీ నిలబెట్టి తుడిపించాడు, అమ్మ చూస్తుండగా అంకుల్ మీట నొక్కాడు.

సరే, మీట నొక్కాడు, పాత డిస్కులు చదివే ప్రోగ్రామ్ ఒకటి దింపుకుని నేను చూస్తే ఫ్లాపీ ఖాళీ, అయితే అమ్మదే నిజం, కానీ వాడని చోటు లెక్క చూస్తే తక్కువ చూపిస్తోంది, ఖాళీ ఇల్లు ఇరుకుగా ఎందుకుంటుంది, ఆ పాత ఫైల్ సిస్టమ్ ఇప్పటి ఏ కంప్యూటర్‌కీ నేరుగా అర్థం కాదు, సిద్దమ్మ మాట డాక్టరుకి కానట్టే, నెట్‌లో దొరికిన మాన్యువల్ చదివితే తెలిసింది, దానిలో పదహారు గదులు, సున్నా నుంచి ఏడు దాకా ఉన్నవాటికి, ఎనిమిది నుంచి తుడిచేసినవాటికి, తుడిచిన ఫైలుని అవతలి గదిలోకి తోసి, చోటు కావాల్సి వచ్చినప్పుడే దాన్ని కొత్తదానితో చెరిపేస్తుందట, నేనేమో సున్నా గది తలుపే తట్టి కూర్చున్నాను, ఇప్పుడు ఒక్కో గదీ తెరుస్తున్నాను, ఎనిమిది లేదు, తొమ్మిది లేదు, యూపీఎస్ కీచుమంటోంది, పది లేదు, పదకొండు, ఉంది, ఒకే ఒక్కటి, పానం గుంజుడు, సిద్దమ్మ, రేగోడ్, కడుపుల దేవుడు, దేవుడు కాదు వికారం, ఆగమ్మ, ఏడుపాయల, కండ్లకు బైర్లు గమ్ముడు, వీరయ్య అత్త, ప్రతి మాట పక్కన అన్న మనిషి పేరు, గబగబా కాపీ చేశాను.

అయితే ఆయన తుడిచాడు, పదకొండంటే తుడిచినట్టే, దాచింది మెషీను, ఆయన కాదు, అమ్మ అదే అంటుంది, మెషీన్ మంచిదైతే ఆయన మంచోడా అంటుంది, కానీ ఆ ఆఫీసులో రోజూ ఉత్తరాలు కొట్టే టైపిస్టు ఈ ఫ్లాపీ మీద ఆ తర్వాత ఒక్కటి కూడా ఎందుకు రాయలేదు, ఒక్క ఉత్తరం చాలు సిద్దమ్మ పోవడానికి, స్క్రీన్ నల్లబడింది, పన్నెండే, చెప్పానుగా, బల్ల కింద చీకట్లో తడిమి ఫ్లాపీ బయటికి లాగాను, వేలికి ఏదో గరుకుగా తగిలింది, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూస్తే, దీని మీద ఏమీ రాయకుండా ఆపే ఆ చిన్న నల్ల గొళ్ళెం, అది వేసి ఉంది, మళ్ళీ జారకుండా పక్కనే అంటించిన పీలిక, నేను మురికి అనుకున్నది, దవాఖాన ప్లాస్టర్, పసుపు తిరిగి, చిట్లి, ఎన్నేళ్ళదో, పొద్దున నా వేలిని ఆపింది డ్రైవు కాదు, ఇదే, డాక్టరు ముందు మీట నొక్కినవాడే డాక్టరు వెళ్ళాక గొళ్ళెం వేసి, అమ్మ కట్లు కట్టే డ్రెస్సింగ్ గదిలోకి పోయి ప్లాస్టర్ తెచ్చుకున్నాడు, వంటింట్లో అమ్మ గిన్నెలు సర్దుతోంది, పెర్సీ, దొరికిందా లేదా అంటోంది, మొదటిసారి అడుగుతోంది, కరెంటు కోసం ఆగక్కర్లేదు, అమ్మకి చూపించాల్సింది పదకొండో గది కాదు, తన చేతులకి తెలిసిన ఈ ప్లాస్టర్ ముక్క.