పీకేసిన హెడ్‌ఫోన్ వైరు

మా అక్క ఇంట్లో "ఉప్పు అయిపోయింది" అంటే వీధి చివర కొట్టాయన ప్యాకెట్ తీసి బల్ల మీద పెట్టేస్తాడు. అబద్ధమనుకుంటే వచ్చి కనుక్కోండి. బాత్రూంలోంచి తువ్వాలు అడిగిందంటే ఎదురింటి డాబా మీద ఆరేసిన బట్టలు వాటంతట అవే కదుల్తాయి. పావురాలైతే మా వీధి మీదుగా ఎగరడం మానేసి రెండేళ్ళయింది. చుట్టూ తిరిగి పోతున్నాయి పాపం.

పుట్టుకతో ఇలా కాదు. మా అక్క టీవీలో వార్తలు చదువుతుంది. ఒకప్పుడు దాని గొంతు వింటే వరద వార్త కూడా ఇంకాసేపు చదివితే బాగుండు అనిపించేది. మా బావ అదే ఛానల్లో సౌండ్ ఇంజినీరు. అద్దానికి అవతల అక్క, ఇవతల హెడ్‌ఫోన్లు పెట్టుకుని బావ. లోకమంతా పెళ్ళికూతుర్ని చూసి చేసుకుంటుంది, ఈయన విని చేసుకున్నాడు. పెళ్ళి మాటలకి వచ్చినప్పుడు మా అమ్మ, "మా అమ్మాయిలో ఏం నచ్చింది బాబూ?" అని అడిగితే, బావ చాలాసేపు ఆలోచించి, "గొంతండీ. పెంచక్కర్లేదు, తగ్గించక్కర్లేదు" అన్నాడు. ఇంత పొదుపుగా మాట్లాడే అల్లుడు దొరకడని అమ్మ వెంటనే ఒప్పేసుకుంది.

నేను మరదల్ని. అదే ఛానల్లో పిక్చర్ సెక్షన్లో కొత్తగా చేరాను, మకాం వాళ్ళింట్లోనే. ఉద్యోగం కన్నా మరదలి బాధ్యతలే నాకు ఎక్కువ. టూత్‌పేస్టుకీ షేవింగ్ క్రీముకీ మూతలు మార్చాలి. బావ చదివే పేపరు మధ్యలో నిరుటి పేజీ దూర్చాలి. ఆయన నన్ను కోతి అంటాడు. అంతకన్నా తిట్టడం చేతకాదు పాపం. ఒకే ఒక్క విషయంలో మాత్రం గట్టిగా కసురుతాడు.

"ఏమే కోతీ, మనిషితో మాట్లాడేటప్పుడు ఇటు తిరిగి మాట్లాడు! అటు గోడకేసి ఏంటి గొణుగుడు?"

మర్యాద నేర్పిస్తున్నాడు కాబోలు అనుకునేదాన్ని.

మా ఛానల్ కొత్త సౌండ్ డెస్క్ కొంది. విమానం నడిపేవాళ్ళు కూడా దాన్ని చూస్తే ఒకసారి దండం పెట్టుకుని వెనక్కి తిరిగిపోతారు, అన్ని మీటలు. దాని ముందు కూర్చోవాలంటే ఆన్‌లైన్ శిక్షణ పాసవ్వాలన్నారు. పాసైతే డెస్క్, లేకపోతే కేబుళ్ళ స్టోరు. బావకి ఆ కుర్చీ తప్ప ఇంకో చోట కూర్చోవడం రాదు. సోఫాలో కూర్చున్నా కుడిచెయ్యి లేని మీటని జరుపుతూనే ఉంటుంది.

క్లాసులు పొద్దున్నే, ఇంటినుంచే. మాస్టారు ఎక్కడో దూరంగా ఓ గదిలో ఉంటాడు, తెరమీద డబ్బాల్లో మిగతా ఛానళ్ళ ఇంజినీర్లు. ప్రతి క్లాసూ ఒకేలా మొదలవుతుంది.

"అందరికీ నా మాట వినపడుతోందా?"

"వినపడుతోంది సార్," అని ఒక్కో డబ్బా పలుకుతుంది. మా బావ అందరికన్నా ముందు పలుకుతాడు. మాస్టారు క్లిప్పు వేస్తాడు. తెర పక్కన పచ్చ గీతలు లేస్తూ పడుతూ ఉంటాయి. అవి శబ్దం ఎంత ఉందో చూపించే మీటర్లు. కింద మాస్టారి మాటలు అక్షరాలుగా పడుతుంటాయి, సగం తప్పులతో. బావ ఠకఠకా సమాధానాలు చెప్పేస్తాడు. క్లాసులో ఫస్ట్ మా బావే. మాస్టారికి కూతురుంటే ఇచ్చి రెండో పెళ్ళి చేసేంత ఇష్టం.

ఇంత బుద్ధిమంతుణ్ణి చూస్తే మరదలి చెయ్యి ఊరుకుంటుందా? ఓ రోజు క్లాసుకి ముందు, స్పీకర్లు లేని ఆ కంప్యూటర్ వెనక్కి చెయ్యి పెట్టి, మైకుది వదిలేసి హెడ్‌ఫోన్ వైరు పీకేసి, ఊడినట్టు తెలియకుండా సందులో దోపాను. తర్వాత కర్టెన్ వెనక నక్కి, నవ్వు ఆపుకోడానికి దిండు కవరు నోట్లో కుక్కుకున్నాను. ఇప్పుడు తడుముకుంటాడు, ఇప్పుడు "హలో హలో" అంటాడు, ఇప్పుడు కోతీ అని కేకేస్తాడు.

మాస్టారు పెదాలు కదిలాయి. "వినపడుతోంది సార్," అన్నాడు బావ.

అబ్బో, నన్ను పట్టేసి నాటకమాడుతున్నాడు అనుకున్నాను. నేనూ తగ్గలేదు. క్లిప్పు మొదలైంది. బావ కళ్ళు సగం మూసి తలాడించాడు. వేళ్ళతో బల్ల మీద తాళం కూడా వేశాడు. మాస్టారు ఏదో అడిగాడు. బావ పచ్చ గీతలకేసి చూసి, "మాట కన్నా వెనక సంగీతం ఎక్కువైంది సార్, కప్పేస్తోంది," అన్నాడు. మాస్టారు బొటనవేలెత్తి చూపించాడు.

నా నోట్లో దిండు కవరు అలాగే ఉంది. నవ్వే, ఎప్పుడు పోయిందో తెలీదు.

క్లాసంతా అలాగే విన్నాడు. అయిపోయాక "థాంక్యూ సార్" అని కూడా చెప్పాడు. నేను కర్టెన్ వెనకనించి వచ్చి, ఊడిన వైరు కొసని ఆయన కళ్ళముందు పట్టుకున్నాను. బావ దాన్ని చూశాడు. నన్ను చూశాడు.

"ఎప్పుడు పీకావే?"

"క్లాసుకి ముందే. మరి నువ్వు ఏం విన్నావ్ బావా?"

"వినలేదు. చూశాను," అన్నాడు.

హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుని, వాటికి దెబ్బ తగిలినట్టు నిమురుతూ కూర్చున్నాడు.

"ఎడమది ఎప్పుడో పోయింది. కుడిదాంట్లో కొంచెం ఉంది, గోడ అవతల ఎవరో మాట్లాడినట్టు. ఇన్నేళ్ళ హెడ్‌ఫోన్లు కదా."

"డాక్టరికి చూపించావా?"

"చూపించాను. పోయింది తిరిగి రాదన్నాడు. మిషన్ పెట్టుకుంటే మాట తెలుస్తుందట, గొంతు తెలియదట."

"రెండింటికీ తేడా ఏంటి?"

"నీకు తేడా లేదులే. నువ్వు పిక్చర్ సెక్షన్."

మామూలుగా అయితే దీనికి నేను తగిన సమాధానం చెప్పి ఓ రోజంతా ఏడిపించేదాన్ని. ఊడిన వైరు మళ్ళీ గుచ్చేశాను.

"చెవి మిషన్ పెట్టుకున్న సౌండ్ ఇంజినీరంటే కళ్ళు మూసుకున్న డ్రైవరు లాంటివాడే. ఎవడు ఎక్కుతాడు బండి?" అన్నాడు. "మీ అక్కకి చెప్పకు."

"దానికి తెలీదా?"

"నేను పట్టించుకోనని అనుకుంటుంది. మొగుళ్ళందరికీ ఉన్న జబ్బే కదా. అనుకోనీ. నయమే."

అసలు గండం ముందుంది. ఆఖరి పరీక్షలో పచ్చ గీతలు ఉండవు, కింద అక్షరాలు ఉండవు. క్లిప్పు నడిచేంతసేపూ నల్లటి తెర, చెవులు, అంతే. ప్రశ్న అడిగేటప్పుడే మాస్టారి మొహం కనపడుతుంది. క్లిప్పులో లోపం ఏంటో విని చెప్పాలి.

పుట్టినప్పట్నించీ అందర్నీ మోసం చెయ్యడమే నా వృత్తి. ఇన్నాళ్ళకి దానికో పని దొరికింది. ఒక వైరుని రెండుగా చీల్చే పిన్ను తెచ్చి రెండు హెడ్‌ఫోన్లు తగిలించాం, ఒకటి బావకి, ఒకటి బల్లకింద కూర్చునే నాకు. నేను విని ఆయన పాదం మీద తడతాను. గుయ్‌మని మోత వస్తుంటే ఒక తట్టు. కుడి ఎడమలు తారుమారైతే రెండు. శబ్దం చిట్లిపోతుంటే మూడు. అంతా బాగుంటే బొటనవేలు నొక్కి పట్టుకోవడం.

అక్క డ్యూటీకి వెళ్ళగానే ప్రాక్టీసు చేసేవాళ్ళం. నా చెవులు పిక్చర్ సెక్షన్ చెవులు, వాటికి మోతకీ చిట్లడానికీ తేడా తెలియడానికే చాలా పట్టింది. నేర్పింది బావే. తనకి వినపడనివన్నీ ఎలా ఉంటాయో గుర్తుతెచ్చుకుని చెప్పేవాడు. "చిట్లడమంటే... కొత్త కాగితం నలిపితే అంచులు ఎలా ఉంటాయి? మాట అంచులు అలా ఉంటాయి." ఓ రోజు నడుస్తున్న ఫ్యాను కేసి చూస్తూ, "అది ఇప్పుడు ఎలా అరుస్తోందే?" అని అడిగాడు. "ముసలి బాతులా," అన్నాను. "అప్పుడూ బాతే. ముసలిదయిందన్నమాట," అని నవ్వాడు.

పరీక్ష రోజు అక్క మధ్యాహ్నం బులెటిన్‌కి వెళ్ళింది. రాత్రి పెద్ద బులెటిన్ చదివే మనిషిని మధ్యాహ్నానికి ఎందుకు మార్చారని అడిగితే, "కొత్తవాళ్ళకి అవకాశం ఇవ్వాలిగా!" అని అరిచింది. సరే, ఇంట్లో మామూలు మాటే అది.

నేను బల్లకింద దూరాను. బావ పాదాలు చల్లగా ఉన్నాయి.

"అందరికీ నా మాట వినపడుతోందా?"

నొక్కాను. "వినపడుతోంది సార్."

మొదటి క్లిప్పు మోత. ఒక తట్టు. రెండోది తారుమారు. రెండు తట్లు. బావ ఆలోచిస్తున్నట్టు కాసేపు ఆగి చెప్పేవాడు. ఏం నటన! మాస్టారు "భేష్" అంటున్నాడు. బల్లకింద నేను పద్మశ్రీ తీసుకుంటున్నంత గర్వంగా కూర్చున్నాను.

"ఇక ఆఖరిది," అన్నాడు మాస్టారు. "మిగతావాటిలో లోపాలు మేం పెట్టినవి. దీంట్లో మేం ఏం ముట్టుకోలేదు. నమూనా కోసం మీ ఛానల్ వాళ్ళే ఈమధ్య పంపింది. వినండి."

ఒక ఆడమనిషి వాతావరణం చదువుతోంది. గొంతు బొంగురు. మాట మాటకీ అంచులు నలుగుతున్నాయి. వాక్యం చివరికొచ్చేసరికి గాలి తప్ప శబ్దం లేదు. ఎవరీవిడ, పెద్దావిడలా ఉందే అనుకుంటూ మూడుసార్లు తట్టాను.

"చిట్లుతోంది సార్," అన్నాడు బావ.

"నిజమే. ఎక్కడ? మైకులోనా, వైర్లోనా?"

నాకేం తెలుసు? మాస్టారు క్లిప్పు ఇంకోసారి వేశాడు. "సముద్రం మీదకు వెళ్ళేవారు" అన్నచోట ఆవిడ "వెళ్ళేవారు"ని కొంచెం సాగదీసింది.

అలా సాగదీసేది లోకంలో ఒక్కతే. నాకు చిన్నప్పుడు జడ వేస్తూ కథలు చెప్పినప్పట్నించీ అలాగే సాగదీస్తుంది.

ఆఫీసులో నాది శబ్దం లేని బొమ్మ, ఇంట్లో అరుపులే వింటాం మేం. అరుపులో బొంగురు తెలియదు. ఆ అరుపుల మీద నేను ఎన్ని జోకులేశాను, ఎన్ని పావురాల్ని దారి మళ్ళించాను. చెవిటి మొగుడికి వినపడాలని, వినపడట్లేదన్న సంగతి కూడా తెలియకుండా, అది నెలనెలా కొంచెం కొంచెం పెంచుకుంటూ పోయింది. అక్కడ మైకు ముందుకెళ్ళేసరికి మిగిలింది ఇదీ.

"మైకా, వైరా?" మాస్టారు మళ్ళీ అడిగాడు. "లేకపోతే మనిషిదా? ఎవరో గుర్తుపట్టారా? మీ వాళ్ళేగా."

మోతకి తట్టుంది. తారుమారుకి తట్టుంది. అక్కకి ఏ తట్టూ పెట్టుకోలేదు మేం. ఊరికే ఆయన పాదం పట్టుకుని కూర్చున్నాను. నొక్కానో, గీరానో, ఏం చేశానో తెలీదు.

బావ పెన్ను కింద పడేసి, తీసుకునే వంకతో వంగి నాకేసి చూశాడు. నా మొహం చూశాడు. నేను శబ్దం లేకుండా పెదాలు కదిపాను. అక్క. అక్క గొంతు. పోయింది.

మా బావకి పెదాలు చదవడంలో ఫస్టు మార్కు కదా. ఒక్కసారికే చదివేశాడు. పెన్ను అక్కడే వదిలేసి మళ్ళీ నిటారుగా కూర్చున్నాడు. ఆయన పాదాలు మెల్లగా నా చేతుల్లోంచి వెనక్కి వెళ్ళి, కుర్చీ కిందకి ముడుచుకున్నాయి.

"సార్, నాకు వినపడట్లేదు."

"లైన్ ప్రాబ్లమా? వైరు ఓసారి తీసి పెట్టండి."

"వైరు బాగానే ఉంది సార్. చెవులు. చాలా రోజులైంది." హెడ్‌ఫోన్లు బల్ల మీద పెట్టిన చప్పుడైంది. "ఆ గొంతు మా ఆవిడదట. నాకు తెలియలేదు."

హెడ్‌ఫోన్లలో మాస్టారు ఏదో మెల్లగా, చాలా మంచిగా అన్నాడు. దాన్ని తట్టి చెప్పాలనిపించలేదు నాకు.

సాయంత్రం అక్క వచ్చింది. గుమ్మంలోంచే, "పరీక్ష ఏమైందీ!" వీధంతా విన్నది. బావ ఎదురెళ్ళి దాన్ని కూర్చోబెట్టి, తనూ ఎదురుగా కూర్చుని, ఉన్నదంతా చెప్పాడు. చెవులు, స్టోరు, అన్నీ. నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. వేళాకోళానికి పనికొచ్చేది ఒక్కటీ దొరకలేదు.

"అయితే ఇన్నాళ్ళూ నువ్వు..." అక్క అరవబోయింది.

"అరవకు," అన్నాడు బావ. "నీ నోటికేసి చూస్తాను. మెల్లగా చెప్పు. నాకు అందుతుంది."

అక్క మెల్లగా మాట్లాడటానికి చూసింది. ఏడుపొచ్చేసింది. ఏడిస్తే అక్కకి చిన్నప్పట్నించీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం అలవాటు. ఆ చెయ్యి వెనకనించే, బొంగురుగా, చాలా చిన్నగా అడిగింది.

"నా గొంతు ఆఖరిసారి ఎప్పుడు విన్నావ్?"

బావకి అరచెయ్యి తప్ప ఏం కనపడలేదు. నాకేసి తిరిగాడు.

"ఏమంటోందే?"

"టీ కావాలంటోంది బావా," అన్నాను.

బావ గబగబా లేచి, నన్ను దాటుకుని, టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళాడు.