మల్యాల ఉత్తమ పురుషుడు

స్వరూప మొదటి కథ అచ్చయిన సంగతి ఆమె భర్త సతీశ్‌కు ఇంట్లో కాదు, మల్యాల ఆటో అడ్డా మీద తెలిసింది.

అతను మల్యాల నుంచి జగిత్యాలకు ఆటో నడుపుతాడు. ఆ ఉదయం అడ్డాకు వచ్చేసరికి తోటి డ్రైవర్లు ముగ్గురు రాజు బండి చుట్టూ మూగి ఉన్నారు. రాజు వెనక సీట్లో కాలు మీద కాలేసుకుని, కోరుట్ల నుంచి వెలువడే ఒక చిన్న మాసపత్రికను పైకి చదువుతున్నాడు. పోస్ట్‌మన్ దాన్ని సతీశ్‌కు ఇవ్వమని అతని చేతిలో పెట్టి పోయాడట. కవరు దానంతటదే చిరిగిందట.

"'నాకు చెట్టంటే భయం,'" చదివాడు రాజు. "'కల్లు గీసే ఇంట్లో పుట్టినవాడు ఈ మాట ఎవరితో చెప్పుకుంటాడు? అందుకే మోకాలు నొప్పి అన్నాను. మా నాయన నమ్మాడు. నా భార్య నమ్మింది. మోకాలు ఒక్కటే నమ్మలేదు.'"

అందరూ తలెత్తి సతీశ్ మోకాళ్ల వైపు చూశారు.

సతీశ్‌కు ముప్పై ఎనిమిదేళ్లు. అతని తండ్రి లస్మయ్య నలభై అయిదేళ్లు తాటిచెట్లెక్కి కల్లు గీసినవాడు. సతీశ్ కూడా రెండేళ్లు ఎక్కి, ఇరవై రెండో ఏట మోకాలు పట్టేసిందని చెప్పి దిగిపోయాడు. ఆ తర్వాత ఆటో పట్టాడు. ఈ చరిత్ర అడ్డా మీద అందరికీ తెలుసు.

"అన్నా, మోకాలెట్లున్నది?" అన్నాడు రాజు, ఎంతో మర్యాదగా.

"ఏయ్, అది కథరా. ఉత్తగ కల్పించి రాసింది."

"కల్పిస్తె 'ఒకడుండె' అని రాస్తరు. ఈడ 'నేను' అని ఉన్నది గదనే."

"కింద పేరెవలది? మీ వదినెది. అంటె గా 'నేను' మీ వదినె."

"వదినె ఎన్నడు తాటిచెట్టెక్కిందే?" అన్నాడు రాజు. మిగతా ముగ్గురూ ఇక నవ్వు ఆపుకోలేకపోయారు.

వారం తిరిగేసరికి ఆ కథ సతీశ్ ఆటో కంటే ఎక్కువ ఊళ్లు తిరిగింది. వంతెన దగ్గరికి రాగానే వెనక కూర్చున్న ముసలామె అతని భుజం తట్టి, "కిందికి చూడకు కొడుకా" అని ధైర్యం చెప్పింది. పక్కింటి పెళ్లికి లైట్ల తోరణం కడదామని నిచ్చెన మీద కాలు పెట్టగానే ఇద్దరు పరుగున వచ్చి దించేశారు. "నీకెందుకే అవస్థ? కిందుండి నిచ్చెన పట్టుకో, సాలు."

అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది పెగడపల్లి మనిషి ఒకాయన. మెలితిప్పిన మీసాలు, గంభీరమైన ముఖం. జగిత్యాలలో అందరూ దిగిపోయాక ముందు సీటు దగ్గరికి వచ్చి, అటూ ఇటూ చూసి, "నీ కథ సదివిన తమ్మీ" అన్నాడు. "నాకు బల్లంటె భయం. ముప్పై ఏండ్లసంది నా పెండ్లానికి సుత తెల్వది. నీకొక్కనికే చెప్తున్న." సతీశ్ చేతిని గట్టిగా నొక్కి, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

అది నా కథ కాదు అని చెబుదామనుకున్నాడు సతీశ్. ఆ ముఖం చూశాక ఆ ఆలోచన మానుకున్నాడు.

ఆ సాయంత్రం అతను ఇంటికి వచ్చేసరికి స్వరూప మిషను మీద కూర్చుని జాకెట్టు కుడుతోంది. ఆమె కథలన్నీ జాకెట్ల కొలతలు రాసుకునే నోటుబుక్కులోనే ఉంటాయి. ముందు నుంచి కొలతలు, వెనక నుంచి కథలు.

"గా 'నేను' తీసేసి 'వాడు' అని రాస్తె నీ సొమ్మేం పోతుండెనే?" అన్నాడు సతీశ్, చెప్పులు కూడా విప్పకుండానే.

స్వరూప మిషను ఆపింది. "ముందుగాల 'వాడు' అనే రాసిన. ఇను." నోటుబుక్కు వెనక పేజీ తెరిచి చదివింది. "'వాడు చెట్టెక్కాడు. వాడికి భయం వేసింది. వాడు దిగాడు.' ఎట్లున్నది?"

"మంచిగనే ఉన్నది."

"ఏం మంచిగ? రాసుకుంట రాసుకుంట నాకే నిద్రచ్చింది. వాడెక్కితె నాకేంది, పడితె నాకేంది? రోడ్డు మీద పోయేటోన్ని చూసినట్టే ఉండె. ఒకనాడు ఉత్తగనే 'వాడు' కొట్టేసి 'నేను' అని పెట్టిన. 'నేను ఎక్కాను' అని రాయంగనే నా అరికాళ్లు జిల్లుమన్నయి. గీ మిషను మీద కూసుండి, కాళ్లు రెండు మీదికి తీసుకున్న."

"నీ అరికాళ్లు జిల్లుమంటె నా ఇజ్జతెందుకు పోవాలె?"

"నిన్ను జూసి రాసింది ఒక్క మోకాలు సంగతే. మామ ఇంట్ల ఉంటెనే నువ్వు కుంటుతవు. గది గూడ ఒకనాడు ఎడమ కాలు, ఒకనాడు కుడి కాలు. తక్కినదంత నేను కల్పించిందే. నడి చెట్టు మీద కాళ్లు వణుకుడు, కండ్లు మూసుకొని కల్లు పడే లొట్టి కోసం చెయ్యి చాపుడు, దిగినంక ఏమీ గానట్టు బీడి ముట్టించుడు..."

"గవన్ని నీకెవలు చెప్పిన్రు?" అన్నాడు సతీశ్.

స్వరూప అతని ముఖంలోకి చూసింది. "అంటె... గవి నిజమేనా?"

సతీశ్ టీవీ పెట్టి సౌండు పెంచాడు.

పది రోజుల తర్వాత పత్రిక నడిపే నరేందర్ సారు ఫోన్ చేశాడు. కోరుట్లలో తెలుగు పంతులుగా పనిచేసి రిటైరైన మనిషి. సిరిసిల్లలో కథలు చదివే సభ పెడుతున్నామనీ, స్వరూప వచ్చి తన కథ తనే చదవాలనీ అన్నాడు. ఆమె సతీశ్‌ను తోడు రమ్మంది. ఆ రోజు కిరాయి ఉందన్నాడు అతను. అప్పుడు మంచం మీద కూర్చున్న లస్మయ్య గొంతు సవరించుకున్నాడు. ఆయనకు చదువు రాదు. ఊళ్లో మాటలన్నీ చెవిన పడుతూనే ఉన్నాయి.

"ఊరంత ఇన్నది, నేనొక్కన్నే ఇనలే. సిరిసిల్లకు నేనస్త. నువ్వు గూడ నడువు" అన్నాడు కొడుకుతో.

సభకు యాభై మంది దాకా వచ్చారు. మరమగ్గాల మీద పనిచేసేవాళ్లు, కాలేజీ పిల్లలు, కొందరు టీచర్లు. నరేందర్ సారు మైకు అందుకుని, "ఈ కథ ఉత్తమ పురుషలో నడుస్తుంది. దీని బలమంతా అదే" అన్నాడు.

లస్మయ్య పక్కనున్న మగ్గం కార్మికుణ్ని మోచేత్తో పొడిచాడు. "ఉత్తమ పురుషుడంటున్నడు. ఎవలు?"

"కథల 'నేను, నేను' అనుకుంట చెప్తడు సూడు, గాయిననే తాతా. వ్యాకరణంల గట్లంటరు."

"చెట్టును జూసి భయపడ్డోడు ఉత్తముడా? మరి నలభై అయిదేండ్లు ఎక్కినోన్ని ఏమంటరు?"

పక్కాయన వేదిక వైపు తిరిగి చప్పట్లు కొట్టాడు.

స్వరూప లేచి, కాగితాలు సర్దుకుని, సన్నని గొంతుతో మొదలుపెట్టింది. "'నాకు చెట్టంటే భయం. నాకు మీసాలు మొలిచిన ఏడాది...'"

సభ ఘొల్లుమంది. "అక్కా, మీసాలెవరికి?" అని వెనక నుంచి ఎవరో అరిచారు. స్వరూప మళ్లీ మొదలుపెట్టింది. మీసాల దగ్గర మళ్లీ నవ్వు. మూడోసారి మీసాలు రాకముందే నవ్వారు. నరేందర్ సారు లేచి, "మగ గొంతయితే బాగుంటుందమ్మా. మీవారు వచ్చారు కదా?" అన్నాడు. యాభై తలలు సతీశ్ వైపు తిరిగాయి.

సతీశ్ మైకు ముందు నిలబడి, ముందుగా ఒక ప్రకటన చేశాడు. "ఇది నేను రాసింది గాదు. నాది గాదు. ఉత్తగ సదువుత."

బస్టాండులో బస్సుల పేర్లు చదివినట్టు గడగడా చదవసాగాడు. 'నేను' వచ్చిన చోటల్లా ఆ మాటను మింగేశాడు. కానీ 'నేను'ను మింగినా లాభం లేకపోయింది. 'ఎక్కాను', 'వణికాను', 'అబద్ధమాడాను' అంటూ వాక్యం చివర క్రియలు వచ్చి అతని కాలర్ పట్టుకున్నాయి. తండ్రి చెవి మెలేసి చెట్టు దగ్గరికి లాక్కుపోయిన చోటు దాటేసరికి వేగం తగ్గింది. చెట్టు నడుమకు వచ్చేసరికి గొంతు మారింది.

"'కొసకు చేరి కిందికి చూశాను. పొలాలు పచ్చని చీర ఆరేసినట్టు అందంగా ఉన్నాయి.'" అక్కడ ఆగిపోయాడు. "గిది తప్పు" అన్నాడు.

"ఏది తప్పు?" అన్నాడు నరేందర్ సారు కంగారుగా.

"మీదికెళ్లి చూస్తె చీర లేదు, గీర లేదు. పొలాలే కనవడయి. చెట్టు ఒక్కటే కనవడుతది, ముక్కుకు జానెడు దూరంల. దాని మీద చీమలు పోతుంటయి. నేను గా చీమలనే చూసుకుంట ఉంటుంటి."

కాగితాలు టేబుల్ మీద పెట్టేశాడు. ఇక చూసి చదవాల్సిన అవసరం లేకపోయింది.

"ఒకనాడు గాలి లేసింది. చెట్టు ఊగవట్టింది. నేను దాన్ని కావలిచ్చుకొని ఏడ్సిన. కింద నిలవడి మా బాపు, 'ఏందిరా గంత ఆలస్యం?' అన్నడు. 'కల్లు మంచిగ పారింది బాపూ, వంపుకుంటున్న' అని చెప్పిన. లొట్టిల కల్లు సుత లేకుండె. తెల్లారి మోకాలు నొప్పన్న."

స్వరూప పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది తను రాసిన కథ కాదు, దాని కంటే బాగుంది. అప్పుడు లస్మయ్య మెల్లగా లేచి నిలబడ్డాడు. ముసలాయన వెళ్లి కొడుకును కౌగిలించుకుంటాడని అందరూ అనుకున్నారు. ఒక అమ్మాయి ఫోన్ తీసి వీడియో కూడా ఆన్ చేసింది.

"నా కొడుకు నోటితోని చెప్పింది మంచిగున్నది" అన్నాడు లస్మయ్య. "గని గా కాయిదంల ఒక అబద్ధమున్నది. నాయిన చెవి మెలేసి గుంజుకపోయిండని ఇందాక సదివిండు. నేనెన్నడన్న వీని చెవి ముట్టిన్నా? అడుగుర్రి."

స్వరూప గాభరాగా లేచింది. "మామా, గా నాయిన నువ్వు గాదు. కథల నాయిన."

"కొడుకేమో నా కొడుకే. చెట్టు నా చెట్టే. నాయిన మాత్రం వేరేటోడా? గదెట్ల బిడ్డా?"

చప్పట్లు, నవ్వులు కలిసిపోయాయి. నరేందర్ సారు మైకు తీసుకుని, కథ చెప్పే 'నేను' వేరు, బయట తిరిగే మనిషి వేరు అని పది నిమిషాలు వివరించాడు. లస్మయ్య ఓపికగా అంతా విని, "మంచిది సారూ. చెవి సంగతి తేల్చుర్రి" అన్నాడు. ఆ కథలోని తండ్రి ఎవరి చెవీ మెలేయలేదని వచ్చే సంచికలో వేస్తానని సారు మాట ఇచ్చాకే కూర్చున్నాడు.

తిరుగు బస్సులో ముగ్గురికీ ఒకే సీటు దొరికింది.

"నాకు చెప్తె ఏమైతుండెరా?" అన్నాడు లస్మయ్య, బస్సు కదిలాక.

"నువ్వేమంటవో అని చెప్పలే బాపూ."

"ఏమంటుంటి? మేకలు కాయమంటుంటి."

"గంతేనా?"

"గంతే."

సతీశ్ కిటికీ వైపు తిరిగి నవ్వడం మొదలుపెట్టాడు. పదహారేళ్ల అబద్ధం మేకల దగ్గర తేలిపోతుందని అతను ఎన్నడూ అనుకోలేదు.

"మామా, నీకెన్నడు భయం గాలేదా?" అని అడిగింది స్వరూప.

"చెట్టు మీదనా? ఎన్నడు గాలే. చెట్టు మీదికి ఎవ్వలు రారు, ఏమి అడగరు. నా భయమంత కిందనే." లస్మయ్య గొంతు తగ్గించాడు. "మీ అత్త. పొద్దుగాల్నే తిట్లు మొదలువెడుతుండె. గీసిన చెట్టునే మళ్లొకసారి ఎక్కి, మీద కూసున్న దినాలున్నయి బిడ్డా."

స్వరూప చెయ్యి అప్పటికే సంచిలో కలం వెతుకుతోంది. "రాయాల్నా మామా?"

"రాయి. 'నేను' అనే రాయి, మంచిగుంటది. గని నా పేరు వెట్టకు."

"'నేను'కు పేరెందుకు మామా?"

"గట్లయితె ఎవలకు తెల్వది" అన్నాడు లస్మయ్య తృప్తిగా.

ఆ కథ రెండు నెలలకు అచ్చయింది. సతీశ్ తల్లి రాజవ్వకు పక్కింటి కోడలు దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించింది. ఆ 'నేను' ఎవరని రాజవ్వ అడగలేదు. మధ్యాహ్నం లస్మయ్య వచ్చి కంచం ముందు కూర్చుంటే, పొయ్యి దగ్గర నుంచి వెనక్కి తిరగకుండానే అంది.

"కూర ఇంక కాలే. పోయి ఇంకొక చెట్టెక్కి రా."