ఇరవై ఆరు మంచు బొమ్మలు

బిష్కెక్‌లో మా యూనివర్సిటీ గ్రంథాలయంలో కాపీరైట్ వ్యవహారాలు చూసేది జూరా అక్క. ఆవిడంటే ఇప్పుడు నాకు ఎంతో గౌరవం. ఆ వసంతంలో మాత్రం ఆవిడ పేరెత్తితే ఒళ్లు మండేది.

నా పరిశోధన కొండల మీది మంచు గురించి. దానికి ప్రాణం సగినాలిగారి పుస్తకం. ఆయన ఇరవై ఆరేళ్లు కొండ మీదే ఉండి, ఏటా మంచులో గొయ్యి తవ్వి, పొరలు కొలిచి, రంగు పెన్సిళ్లతో బొమ్మ గీశారు. ఆయన పోయాక హక్కులు కూతురు ఉల్బొసున్‌కి వచ్చాయి. ఆ బొమ్మలన్నీ నా థీసిస్‌లో ఉండాలి. థీసిస్‌ని యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో పెడతారు. గడువు పన్నెండు రోజులు.

ఆవిడ ఉండే కరకోల్ ఊరికి వెళ్లి ఉల్బొసున్‌గారిని కలిసి, ఎగిరి గంతేస్తూ తిరిగొచ్చాను.

"ఒప్పుకున్నారక్కా!"

"ఏమన్నారు?"

"కడుపునిండా లగ్మన్ నూడుల్స్ పెట్టారు. లేచేముందు అరచేతులు చాచి, నీ పని సఫలం కావాలని దీవించారు. ఇంకేం కావాలి?"

"బొమ్మలు వాడుకుంటానని నోరు తెరిచి అడిగావా?"

"దీవించారు కదక్కా" అన్నాను.

"మన ఇళ్లల్లో రొట్టె తిన్న ప్రతివాడికీ దీవెన దక్కుతుంది తమ్ముడూ. మొన్న కరెంటు మీటరు చూడ్డానికొచ్చినాయన్ని మా అమ్మ దీవించింది. ఇల్లు ఆయన పేర రాసిచ్చేసినట్టేనా?"

అప్పటికప్పుడే ఉల్బొసున్‌గారికి ఫోన్ చేసి విషయం విడమర్చి చెప్పింది. అవతల్నుంచి ఒక్కటే మాట: "ఇవ్వను."

"అలాగేనమ్మా" అని జూరా అక్క పెట్టేసింది. ఒక్కసారైనా బతిమాలలేదు. నేను ఆవిడ మీద విరుచుకుపడ్డాను.

"ఇదివరకు ముగ్గురు ఆయన పేరైనా వేయకుండా అచ్చేసుకున్నారు. ఎవడు పట్టుకున్నాడు?"

"అందుకే ఆవిడ ఇవ్వనంటోంది. కూర్చో, పని చూద్దాం."

పన్నెండు రోజులూ నాతో కూర్చుంది. మంచు ఎంత మందం ఉందన్న లెక్క ఎవరి సొత్తూ కాదంది, గీసిన గీత మాత్రం ఆయనదే అంది. కొలతలతో కొత్త పటాలు గీయించింది. నేను వివరంగా చర్చించిన రెండు బొమ్మల్ని ఆయన పేరుతో ఉంచుకోవడానికి చట్టం ఒప్పుకుంటుందని ఉంచింది. తరగతిలో తెర మీద చూపించి పాఠం చెప్పుకోవడానికీ అడ్డు లేదంది. మిగతా ఇరవై నాలుగు చోట్ల ఖాళీ గడులు గీయించి, ఒక్కోదాని కింద సగినాలిగారి పేరు, ఏడాది, "వారసురాలి అనుమతి లేదు" అని రాయించింది. ఆ ఖాళీలు చూస్తుంటే నాకు తల కొట్టేసినట్టుండేది.

ఒక ప్రతిని కరకోల్ వెళ్లే వ్యాను డ్రైవరు చేతికిచ్చి ఉల్బొసున్‌గారికి పంపింది కూడా.

పరీక్షకుల ముందు నా థీసిస్‌ని సమర్థించుకునే రోజున ఉల్బొసున్‌గారు వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. అంతా అయ్యాక ఆ ప్రతి పట్టుకుని మా దగ్గరికి వచ్చారు.

"ఇవన్నీ ఖాళీగా ఉన్నాయేంటి?"

"మీరు వద్దన్నారు కదమ్మా" అంది జూరా అక్క.

"వద్దంటే తీసేస్తారా?" ఆవిడ ఒక ఖాళీ గడి మీద వేలు పెట్టారు. "ఏళ్ల తరబడి వద్దంటూనే ఉన్నాను. ఒక్కడు వింటే ఒట్టు."

పెన్ను అడిగారు. ఒక్కో గడి దగ్గరా సంతకం పెట్టుకుంటూ వెళ్లారు. జూరా అక్క మొహంలో గర్వం లేదు, పుట తిరిగిపోకుండా వేలితో పట్టుకుని ఉందంతే. అలాంటి మనిషి మీద పళ్లు నూరినందుకు నాకు సిగ్గేసింది.

పద్నాలుగో గడి దగ్గర పెన్ను ఆగింది.

"ఇది మాత్రం ఇవ్వను. ఈ బొమ్మలో గొయ్యి పక్కన నిలబడింది నేనే. అప్పుడు నాకు ఏడేళ్లు."

మిగతా ఇరవై మూడూ ఇచ్చారు. ఆ గడి నా థీసిస్‌లో ఇవాళ్టికీ ఖాళీగానే ఉంది.

ఆ బొమ్మ నాకు కంఠతా వచ్చు. నాలుగేళ్లు దాన్ని చూసి చూసి, మొదటి చిత్తుప్రతిలో దాని కింద నేను రాసుకున్నది ఇది: "గొయ్యి లోతు తెలియడానికి మనిషి బొమ్మ."